పరీక్ష చెయ్యని రక్తం

ఢిల్లేశ్వరరావు పనిలో చురుకు, మాటలో కరుకు. కాశీబుగ్గలో ఒక చిన్న ల్యాబులో తొమ్మిదేళ్ళుగా టెక్నీషియను. చెయ్యి తేలిక అని పేరుంది. ముసలాళ్ళ ఎండిన నరం కూడా ఒక్క సూదితో దొరకబుచ్చుకునేవాడు. నెలకు రెండు మంగళవారాలు భావనపాడు తుఫాను షెల్టరులో షుగరు, బీపీ క్యాంపు జరిగేది. మొదటి మంగళవారం అతను రక్తం తీసుకుని ల్యాబుకి పట్టుకుపోయేవాడు. రెండో మంగళవారం రిపోర్టులు తెచ్చి, టెక్కలి నుంచి వచ్చే డాక్టరమ్మ పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి చదివి వినిపించేవాడు.

రోగులు అబద్ధాలాడతారని అతని గట్టి నమ్మకం. అది ఊరికే రాలేదు. అతనిది కవిటి దగ్గర కొబ్బరి తోటల ఊరు. తండ్రికి కిడ్నీలు పాడయ్యాయి. నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దని డాక్టర్లు చెప్పారు. "ఎప్పుడో మానేసినాన్రా" అని తండ్రి అన్నాడు. కొడుకు నమ్మాడు. తండ్రి పోయిన పదిహేను రోజులకి తోటలో కొబ్బరి డొక్కల కుప్ప కదిపితే, అడుగున ఖాళీ బిళ్ళల అట్టలు రెండు గుప్పెళ్ళు దొరికాయి. మాట నమ్మి నాన్నని పోగొట్టుకున్నాననుకున్నాడు. ఆ తర్వాత ఎవరి మాటా నమ్మలేదు. కాగితం మీది అంకెనే నమ్మాడు.

ఆ మంగళవారం సూరమ్మ వంతు వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి. భర్త దాలయ్య బోటు మీద వేటకి వెళ్తాడు. ఆమె హార్బరులో చేపలు వేలం పాటలో కొనుక్కుని, కొన్ని పచ్చివీ కొన్ని ఎండబెట్టినవీ గంపకెత్తుకుని టెక్కలి వీధుల్లో అమ్ముతుంది. షుగరు బయటపడి రెండేళ్ళయింది.

ఢిల్లేశ్వరరావు కాగితం చూశాడు. పరగడుపున వేలి మీద గుచ్చి చూసింది నూట ఇరవై ఆరు. పెద్ద చెడ్డదేం కాదు. కానీ మూడు నెలల షుగరు ఎనిమిది పాయింటు ఆరు. ఆ రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. పొసగకపోతే అతనికి ఒకటే అర్థం.

"ఏటి సూరమ్మా, రక్తం తీస్తారని తెలిసి ముందు రెండు రోజులు నోరు కట్టుకుని వచ్చావా?"

"నేదు బాబూ. రోజూ తిన్నట్టే తిన్నాను."

"మరి ఇదేటి?" కాగితం మీద వేలు పెట్టి తట్టాడు. వరసలో ఉన్న నలభై మందికీ వినపడేలా గొంతు పెంచాడు. అందరికీ పనికొచ్చే సంగతి కదా అనుకున్నాడు. "అందరూ వినండి. రక్తంలో హిమోగ్లోబిన్ అని ఒక ప్రోటీను ఉంటాది. రక్తానికి ఎర్ర రంగు దానివల్లే. మీరు తిన్న తీపి రక్తంలో తిరుగుతూ వెళ్ళి దానికి అంటుకుంటాది. ఒకసారి అంటుకుంటే మరి ఊడదు. ఆ కణం చచ్చేదాకా, అంటే మూడు నెలలు, దాని మీదే ఉంటాది. వేలి రక్తాన్ని మీరు మోసం చెయ్యొచ్చు. దీన్ని మోసం చెయ్యలేరు. ఎనిమిది పాయింటు ఆరు. ఈవిడ మూడు నెలలూ దొంగతిండి తింటంది."

ఎవరో కిసుక్కుమన్నారు. సూరమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"టీలో పంచదార మానేసి రెండేళ్ళయినాది బాబూ. మా కోడల్ని అడుగు."

"మా నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు" అన్నాడతను.

హార్బరులో చేపల పాట నడిపే తాతారావు వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "ఎండుసేపల గంపకి అడుగున జిలేబీలు పెట్టుకుంటాదేటో, ఎవులు సూసినారు" అన్నాడు. ఈసారి షెల్టరంతా నవ్వింది. ఢిల్లేశ్వరరావు కూడా నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంకేమైనా బాధ ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఒళ్ళు తూలతంది డాట్రమ్మా. నాలుగు మెట్లెక్కితే ఆయాసం."

డాక్టరమ్మ ఆమె కంటి కింది రెప్ప లాగి చూడబోయింది. అంతలో కాగితంలో హిమోగ్లోబిన్ అంకె కనిపించింది. పది పాయింటు ఆరు. ఈ వైపు ఆడవాళ్ళకి అది మామూలే. రెప్ప మీది నుంచి చెయ్యి తీసేసి, షుగరు వల్ల నీరసం అనుకుని, బిళ్ళ రెట్టింపు చేసి రాసింది.

ఆ పది పాయింటు ఆరు ఎక్కడిదో ఢిల్లేశ్వరరావు ఒక్కడికే తెలుసు.

ముందు వారం ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టే మెషీను మొరాయించింది. షుగరు పరీక్ష వేరే మెషీను మీద కాబట్టి అది అయిపోయింది. హిమోగ్లోబిన్ పరీక్ష ఆరుగురిది మిగిలింది. మెకానిక్కు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అప్పటికి ఆ రక్తం పరీక్షకి పనికిరాదు. మళ్ళీ రక్తం తీసి, ఆ ఆరూ తర్వాత ఇస్తానని చెప్పి ఉండొచ్చు. కానీ ఎవరితోనూ ఒక మాట పడటం అతనికి ఇష్టం ఉండదు. పదేసి పదకొండేసి పాయింట్లుండే ఊరే కదా అనుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఆరు అంకెలు కొట్టేశాడు. పది పాయింటు రెండు, పదకొండు, పది పాయింటు ఆరు, ఇలా. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని మార్చి మార్చి వేశాడు. మెషీను బాగయ్యేసరికి రక్తం గొట్టాలు చెత్తలోకి పోయాయి. అతను ఆ సంగతి మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు.

మూడు వారాల తర్వాత పొద్దున పదింటికి డాక్టరమ్మ ఫోను చేసింది.

"ఢిల్లేశ్వరరావూ, భావనపాడు సూరమ్మ టెక్కలిలో పడిపోయింది. ఇక్కడ ఆస్పత్రిలో చేర్చారు. షుగరు నలభై ఒకటికి దిగిపోయింది. ఒకసారి రాగలవా?"

అతను బండి మీద బయల్దేరాడు. దారి పొడవునా అతని మనసులో ఉన్నది కోపమే. బిళ్ళ వేసుకుని తిండి మానేసి ఉంటుంది, వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే, అనుకున్నాడు.

ఆస్పత్రి వరండాలో సూరమ్మ కోడలు సంతోషి నేల మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళ పిల్ల. అతన్ని చూసి లేవలేదు.

"ఎలాగుంది మీ అత్తకి?"

"రక్తం ఎక్కిత్తన్నారు" అంది. మిగతాదీ తనే చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. "నువ్వు సెప్పిన కాణ్నుంచి మా వీధిలో అందరూ జిలేబీల సూరమ్మ అంతన్నారు బాబూ. నాకూ అనుమానమొచ్చినాది. నాను అన్నం గిన్నె దాసేసినాను. పొద్దున గంజి, రేతిరి ఒక రొట్టి పెట్టేదాన్ని. ఆయమ్మి ఏటీ అనలేదు. ఆ తిండి మీద నువ్వు రాయించిన బిళ్ళలు రెండేసి ఏసుకుని గంప మోసినాది. ఇయ్యాల బస్టాండు కాడ సెమటలు పట్టి కూలబడిపోనాది. టీ కొట్టాయన పరుగెట్టుకొచ్చి పంచదార నోట్లో ఏయబోతే, మా ఊరి ఆడోలే సెయ్యి పట్టుకుని ఆపేసినారంట. ఆవిడికి షుగరు, దొంగతిండి తిని పడిపోనాది, తీపి ఎయ్యకండని."

ఢిల్లేశ్వరరావు లోపలి వార్డు వైపు చూశాడు.

"నర్సమ్మ ఎవరో బస్సు దిగి సూసినాదంట. నేకపోతే పోయేది" అని సంతోషి ముగించింది.

లోపల డాక్టరమ్మ టేబులు మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఉంది. ఒకటి అతని ల్యాబుది. ఇంకోటి ఆ పొద్దుటిది.

"కూర్చో. ఆమె హిమోగ్లోబిన్ ఇవాళ అయిదు పాయింటు నాలుగు. ఇనుము బొత్తిగా లేదు. మూడేళ్ళుగా నెలనెలా విపరీతంగా రక్తస్రావం అవుతోందట, గర్భసంచిలో గడ్డలున్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడర్థమైందా ఆ ఎనిమిది పాయింటు ఆరు?"

అతనికి అర్థం కాలేదు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇనుము లేకపోతే ఒంట్లో కొత్త ఎర్రకణాలు సరిగా పుట్టవు. ఉన్న పాత కణాలే ఎక్కువ రోజులు తిరుగుతాయి. ఎక్కువ రోజులు తిరిగిన కణం మీద, మామూలు షుగరే ఉన్నా, ఎక్కువ అంటుకుంటుంది. అంకె పైకి పోతుంది. ఆమె మూడు నెలల షుగరు నిజానికి ఏడు చుట్టుపక్కల ఉండి ఉంటుంది. వేలి మీది నూట ఇరవై ఆరే నిజం.

"హిమోగ్లోబిన్ అయిదో ఆరో అని కాగితంలో ఉంటే నేను ఆ అంకెను నమ్మేదాన్నే కాదు. బిళ్ళ పెంచేదాన్నే కాదు. నీ కాగితంలో పది పాయింటు ఆరు. నాలుగు వారాల్లో అంత ఎలా పడిపోయింది? మీ మెషీను సరిగ్గానే ఉందా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"ఆ రోజు మెషీను ట్రబులిచ్చిందండి" అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే మరీ అసహ్యంగా ఉంది. డాక్టరమ్మ తల ఊపింది. "మీ ఓనరుకి చెప్పి చూపించు" అని పెన్ను తీసుకుంది. అతను మెట్లు దిగి బండి దాకా వెళ్ళాడు. నాన్న కూడా ఇలాగే, అబద్ధమనిపించని మాట ఏరుకుని చెప్పేవాడని గుర్తొచ్చింది. నాన్న చేసిన మోసం తన ఒంటికే చేసుకున్నాడు. తను చేసింది వేరొకరి ఒంటికి.

పది రోజులకి సూరమ్మ ఇంటికి చేరిందని తెలిసి, ఒక ఆదివారం భావనపాడు వెళ్ళాడు. వెళ్ళే ముందు చాలాసేపు ఆలోచించాడు. వాళ్ళింట్లో, గుమ్మం లోపల, మెల్లగా చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాడు.

ఇంటి ముందు పరిచిన పాత వల మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. సూరమ్మ నీడన మంచం మీద కూర్చుని కాకుల్ని అదిలిస్తోంది. మొహంలో కొంచెం రంగొచ్చింది. అతన్ని చూసి పలకరించలేదు, పొమ్మనలేదు. మంచం చివర చోటు చూపించింది. అతను కూర్చోలేదు.

"అమ్మా, నాది తప్పయిపోయింది. ఆ రోజు అలాగ అనకుండా ఉండాల్సింది."

"డాట్రమ్మ సెప్పినాది నాకు, ఏటయ్యిందో" అంది సూరమ్మ. "ఇది మాకు కొత్త సంగతేటి కాదు బాబూ. ఉప్పులో సేప మూడు రోజులుంటే ఒక రుసి, పది రోజులుంటే ఒక రుసి. ఎక్కువ రోజులున్న సేప ఎక్కువ ఉప్పెక్కుతాది. దాన్ని నోట్లో ఏసుకుని, ఉప్పు ఎక్కువేసేసినావని మనిషిని తిడితే ఎలాగ? ఎన్ని రోజులు ఉంచినావని ముందు అడగాల."

తొమ్మిదేళ్ళు ఆ మెషీను దగ్గర కూర్చున్నవాడికి తట్టని మాట ఆమె కాకుల్ని అదిలిస్తూ చెప్పింది. అతను తల దించుకున్నాడు.

"ఆ రోజు నాను రెండుసార్లు సెప్పినాను నీకు, తినలేదని. నువ్వు నా మొకం సూడలేదు. కాగితం సూసినావు."

"క్షమించమ్మా."

"నాను సచ్చిపోయుంటే మా ఓళ్ళు ఏటనుకునేవోరు? దొంగతిండి తిని సచ్చిపోనాదనేవోరు. మా ఆయన కూడా అలగే అనుకునేవోడు." ఆమె కాకుల్ని అదిలించడం మానేసి అతని వైపు తిరిగింది. "నువ్వు నలభై మందిలో అన్నావు. ఇప్పుడు మా గుమ్మంలోకొచ్చి నా సెవిలో సెప్తన్నావు. ఈ మాట నాకొద్దు. అక్కడే సెప్పు."

"చెప్తాను. కానీ ఎందుకు తప్పొచ్చిందో చెప్పాలంటే, నీ ఒంట్లో సంగతి..."

"అది సెప్పకు" అంది వెంటనే. "ఆడదాని సంగతి హార్బరులో పడకూడదు. తాతారావు నోట్లో అసలు పడకూడదు. ఆ సంగతి ఎత్తకుండా ఎలగ సెప్తావో నీ ఇష్టం."

అతను తిరిగొస్తూ ఆ రెండు మాటల మధ్యా నలిగిపోయాడు. రక్తస్రావం సంగతి ఎత్తకూడదు. ఆమె అబద్ధమాడలేదని జనం నమ్మాలి. మెషీను పాడైందంటే చాలు. అందరూ నమ్ముతారు, ఎవరి మీదా మచ్చ పడదు. ఆ దారి అంత సులువుగా కనబడటమే అతన్ని బాధపెట్టింది.

తర్వాతి క్యాంపుకి జనం మామూలుగానే వచ్చారు. సూరమ్మ, సంతోషి వెనక వరసలో కూర్చున్నారు. డాక్టరమ్మ బీపీ మెషీను సర్దుకుంటోంది. ఢిల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"అందరికీ ఒక మాట చెప్పాలి. పోయిన నెల ఇక్కడే కూచుని, సూరమ్మ గారు దొంగతిండి తింటున్నారన్నాను. అది తప్పు. ఆవిడ చెప్పిందే నిజం. రిపోర్టు తప్పు. ఆ రోజు మెషీను..."

ఆగాడు.

"మెషీను తప్పయితే నువ్వేటి సేత్తావు బాబూ" అన్నాడు తాతారావు వెనక నుంచి. మంచిగానే అన్నాడు. "ఇంజను పాడైతే బోటు మీదున్నోడి తప్పా. కూకో, కూకో. ఇంతోటి దానికి."

జనం కూడా అవునవునన్నారు. ఒక ముసలాయన, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు. కూర్చుంటే అయిపోయేది. ఢిల్లేశ్వరరావు సూరమ్మ వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. ఆమెకి తను కల్పించిన అంకె సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇప్పుడు కూర్చుంటే ఎప్పటికీ తెలియదు.

"మెషీను తప్పు కాదు" అన్నాడు. "మెషీను ఆ రోజు పని చెయ్యలేదు. ఆరుగురి రక్తం పరీక్షే చెయ్యలేదు. నేనే అంకెలు వేసి అచ్చు తీశాను. సూరమ్మ గారి కాగితంలో హిమోగ్లోబిన్ పది పాయింటు ఆరన్నది నేను కల్పించింది. అది చూసే డాక్టరమ్మ బిళ్ళ పెంచారు. అందుకే ఆవిడ పడిపోయారు. ఇక్కడ అబద్ధమాడింది నేను."

ఎవరి చేతిలోనో ఫోను మోగి, ఆగిపోయింది. అతను డాక్టరమ్మ వైపు తిరగలేకపోయాడు.

"ఆరుగురంటే ఎవులు?" అని ఒక ఆడమనిషి అడిగింది. "నాను ఉన్నానేటి?"

అతను జేబులోంచి చీటీ తీసి పేర్లు చదివాడు. అడిగినామె పేరు మూడోది. అయిదో నెల కడుపుతో ఉన్న కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ, ఆ పిల్ల పేరు విని అక్కడే చతికిలబడింది. మళ్ళీ రక్తం తీసుకుంటానని, ఈసారి తన ల్యాబుకి కాకుండా టెక్కలి పంపిస్తానని చెప్పి సూది అందుకున్నాడు. ఆ తల్లి కూతురి చెయ్యి వెనక్కి లాగేసింది.

"నీ సేత్తో వద్దు" అంది.

డాక్టరమ్మ లేచి వచ్చి అతని చేతిలోంచి సూది తీసుకుంది. ఆరుగురి రక్తం తనే తీసింది. అలవాటు తప్పిన చెయ్యి, ఇద్దరికి రెండేసిసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఒక్కొక్కరి కంటి రెప్పా కిందికి లాగి చూసింది. అతను గొట్టాల మీద పేర్లు రాసి పక్కన పెడుతూ నిలబడ్డాడు. పేరు రాసిన ప్రతిసారీ ఆ మనిషి తన చేతి వైపు చూడటం తెలుస్తూనే ఉంది.

అంతా అయ్యాక డాక్టరమ్మ అంది. "ఆ రోజు మెషీను ట్రబుల్ అని నాతో చెప్పావు."

"అవునండి."

"ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. రెప్ప లాగి చూడబోయి, నీ అంకె చూసి మానేశాను." ఆమె పెట్టె మూసింది. "ఇకమీదట క్యాంపుకి రాకు."

ఆరుగురి ఫలితాలూ రెండు రోజుల్లో వచ్చాయి. నలుగురివి అతను వేసిన అంకెలకి దగ్గరలోనే ఉన్నాయి. అది అతనికి ఏ ఊరటా ఇవ్వలేదు. సూరమ్మకి ఎక్కించిన రక్తంతో తొమ్మిదికి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకి ఏడు. ఆ పిల్లకి వెంటనే సెలైనులో ఇనుము ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ వార్త విన్న పూట అతను అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ల్యాబు ఓనరుకి అతనే వెళ్ళి చెప్పాడు. అప్పటికే ఫోన్లు వచ్చేశాయి. మాటలు ఎక్కువ జరగలేదు. భార్య భానుప్రియ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ ఆరుగురిలో మా అమ్మ ఉంటే?" అని ఒక్కటే అడిగింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు తూకం వేసే పనికి కుదిరాడు. తెలిసినవాళ్ళు ఎదురైతే, ల్యాబు ఎందుకు మానేశావని అడిగేవారు. మొదట్లో ఏదో చెప్పి తప్పించుకున్నాడు. తప్పించుకున్న ప్రతిసారీ లోపల ఏదో కుళ్ళినట్టుండేది. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. విన్నవాళ్ళు మాట మార్చేవారు. కాశీబుగ్గ బస్టాండులో ఒకసారి తాతారావు కనిపించి, "ఏటి, పది పాయింటు ఆరు" అని పిలిచాడు. అతను ఆగి, దండం పెట్టి, వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి సూరమ్మకి ఆపరేషను అయింది. గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత పదిహేను రోజులకి సంతోషి ఫోను చేసింది.

"అత్తకి ఇంటికాడే వేలి మీద గుచ్చి సూడమన్నారు డాట్రమ్మ. మెషీను ఇచ్చినారు. మూడు నెలల పరీచ్చ ఇప్పుడు పనికిరాదంట, పరాయి రక్తం ఎక్కినాది కదా, తప్పు సూపిత్తాదంట. నాకు సూదంటే బయ్యిం. అత్త నిన్ను పిలమన్నాది."

"నన్నా?"

"నేర్పి ఎల్లమన్నాది" అంది సంతోషి.

ఆదివారం వెళ్ళాడు. సూరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, మనిషి చిక్కినా కళ్ళు తేటగా ఉన్నాయి. దాలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. అతను ఢిల్లేశ్వరరావుని చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఎందుకో ఢిల్లేశ్వరరావుకి అర్థమైంది.

అతను సూరమ్మ వేలు ముట్టుకోలేదు. ముందు తన వేలు గుచ్చుకుని సంతోషికి చూపించాడు. వేలి కొసన మధ్యలో కాదు, పక్కన గుచ్చాలి, నొప్పి తక్కువ. మొదటి చుక్క తుడిచెయ్యాలి. రెండో చుక్కకి మెషీనులో పెట్టిన కాగితం పట్టీ తాకించాలి. తర్వాత సంతోషి వేలు సంతోషి చేతే గుచ్చించాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని గుచ్చుకుని, కళ్ళు తెరిచి, "ఇంతేనేటి" అంది.

ఇక అత్త వంతు. సంతోషి ఈసారి కళ్ళు మూసుకోలేదు. చుక్క వచ్చింది. మెషీను అయిదు లెక్కపెట్టి అంకె చూపించింది. ఢిల్లేశ్వరరావు మెషీను తన వైపు తిప్పుకోకుండా కోడలి చేతిలోనే ఉంచాడు.

"నూట ముప్పై ఎనిమిది" అని సంతోషి చదివింది.

"పరగడుపునా?" అని అలవాటుగా అడగబోయి అతను ఆగిపోయాడు. సూరమ్మ అతని మొహం చూసింది.

"పొద్దున టీ తాగినాను బాబూ. అందులో పంచదార ఏసుకున్నాను" అంది. "సంతోషికి తెలీదు. రెండేళ్ళ మీద ఇదే మొదటిసారి. ఆపరేసనప్పుడు పోతానేమో అనుకున్నాను. బతికొచ్చినాను కదా, తాగాలనిపించినాది."

సంతోషి అత్త వైపు చూసి ఏదో అనబోయి నవ్వేసింది. ఢిల్లేశ్వరరావుకి నవ్వు రాలేదు. పుస్తకంలో అంకె పక్కన ఏం రాయాలో కోడలికి చెప్పాడు. టీ తాగాక అని రాయమన్నాడు.

"నా కోపం పోనేదు" అంది సూరమ్మ, అతను లేస్తుంటే. "నీకు తెలియాలని సెప్తన్నాను."

"పోదమ్మా."

మరో రెండు ఆదివారాలు వెళ్ళాడు. రెండోసారి సంతోషే చకచకా గుచ్చి, చదివి, రాసేసింది. అతను పక్కన నిలబడి చూశాడంతే. సూరమ్మ ఎండబెట్టిన కవళ్ళ చేపలు గంపకెత్తుకోవడం అప్పుడే మళ్ళీ మొదలుపెట్టింది. సగం గంపే, టెక్కలి దాకా కాదు, సంతబొమ్మాళి దాకా.

"మా కోడలు గుంట నేర్సేసుకున్నాది. ఇంక నువ్వు రానక్కర్లేదు బాబూ" అంది.

అతను తల ఊపి వీధిలోకి వచ్చాడు. హార్బరు వైపు నుంచి ఆ రోజు వేలం పాట అరుపులు వినిపిస్తున్నాయి. ఆమె ఆ మాట అనగానే తన గుండె మీంచి ఏదో దిగినట్టయింది. అలా తేలికగా అనిపించినందుకు బస్సు వచ్చేదాకా, ఎక్కి కూర్చున్నాక కూడా, సిగ్గుపడుతూనే ఉన్నాడు.